జాన్ మ్యూర్ : తాత చేయి పట్టుకొని నడిచిన బాలుడు

గత క్రిస్మసు దినములలో మా సంఘములోని ఒక అవ్వ, ఆరాధన ముగిసిన తరువాత తన చేతి ఫోనును మా యొద్దకు తెచ్చి ఒక ఫొటో చూపించెను. ఆమె మనుమడు అమెరికా దేశములో, కాలిఫోర్నియా రాష్ట్రములో ఉద్యోగము చేయుచున్నాడు. ఆ ఫొటోలో అతడును, అతని భార్యయు, నాలుగేండ్ల బిడ్డయు ఒక చెట్టు మొదట నిలిచియున్నారు. ఆ చెట్టు మొదలు మన గుడి తలుపులకంటె వెడల్పుగా నున్నది. దాని తల ఫొటోలో పట్టనే లేదు. మునిమనుమరాలు చెట్టు క్రింద చీమవలె కనబడుచున్నదే అయ్యగారూ, అని అవ్వ నవ్వెను. ఆ వనమునకు మ్యూర్ వుడ్స్ అని పేరు. ఆ పేరుగల మనుష్యుడెవరా యని తెలిసికొనగోరి మేము చదివితిమి. చదివిన కొలది ఆ జీవితము మాకు సంతోషము కలిగించెను, కొంత గద్దింపును కలిగించెను. అందుచేత ఈ నెల దానిని మన చదువరుల యెదుట పెట్టుచున్నాము.

జాన్ మ్యూర్ 1838వ సంవత్సరము ఏప్రిల్ 21వ తేదీన స్కాట్లాండు దేశములో, సముద్రపు ఒడ్డున నున్న డన్బార్ అను పట్టణములో పుట్టెను. తండ్రి డేనియల్, తల్లి ఆన్. ఎనిమిదిమంది బిడ్డలలో ఇతడు మూడవవాడు, మగపిల్లలలో పెద్దవాడు. తల్లిని గన్న తాత దగ్గరలోనే కాపురముండెను. బాలునికి మూడేండ్లు నిండకముందే ఆ తాత వాని చేయి పట్టుకొని ఊరి బయటి పొలములకు తీసికొనిపోవుచుండెను. ఒకనాడు ఇద్దరును ఎండుగడ్డి కుప్పమీద కూర్చుండి అలసట తీర్చుకొనుచుండగా బాలునికి ఏదో సన్నని ధ్వని వినబడెను. అది గాలి చప్పుడని తాత అనుకొనెను. బాలుడు ఒప్పుకొనక గడ్డిని పెరికి చూడగా, లోపల ఒక తల్లి యెలుకయు, దాని పాలు పట్టుకొని వ్రేలాడుచున్న అరడజను పిల్లలును కనబడెను. ముసలితనములో తన బాల్యమును గూర్చి వ్రాసినప్పుడు కూడ మ్యూర్ ఆ యెలుక పిల్లలను మరచిపోలేదు. తాత వానికి పాఠమేమియు చెప్పలేదు. నడిచెను, కూర్చుండెను, బిడ్డ త్రవ్వుచుండగా ఓపికతో చూచెను. అంతే.

ఇంటిలో తండ్రి పద్ధతి వేరు. డేనియల్ మ్యూర్ భక్తిపరుడే. కాని ఆయన భక్తిలో నవ్వునకు చోటు తక్కువ. ప్రతి దినము ఇన్ని వచనములు కంఠస్థము చేయవలెనని కుమారునికి నియమించి, తప్పినయెడల బెత్తముతో కొట్టుచుండెను. ఆ విధముగా పదకొండేండ్లు వచ్చునప్పటికి బాలునికి క్రొత్త నిబంధన అంతయు, పాత నిబంధనలో సుమారు నాలుగింట మూడు వంతులును నోటికి వచ్చెను. దెబ్బల లెక్క ఎవరును వ్రాసిపెట్టలేదు.

1849లో ఆ కుటుంబము ఓడ యెక్కి అమెరికా చేరి, విస్కాన్సిన్ అను ప్రాంతములో అడవి నరికి సేద్యము మొదలుపెట్టెను. పన్నెండేండ్ల వయస్సులోనే జాను నాగలి పట్టెను. కొంతకాలమునకు వారు మరియొక మెరక భూమికి మారిరి. అక్కడ నీరు లేదు. తండ్రి కుమారునికి ఉలియు సుత్తెయు ఇచ్చి బావి త్రవ్వుమనెను. రాతిపొరను ఉలితో చెక్కుచు, తెల్లవారగానే బొక్కెనలో దిగి, మధ్యాహ్నమొకసారి, సాయంకాలమొకసారి పైకి వచ్చుచు, ఆ యువకుడు నెలల తరబడి ఒంటరిగా త్రవ్వెను. ఎనభై అడుగుల లోతున ఒక ఉదయము, రాత్రి పేరుకొనిన విషవాయువువలన స్పృహ తప్పుచుండగా పైనున్నవారు ప్రయాసముతో పైకి లాగిరి. ఒకటి రెండు దినములు గడచిన పిమ్మట తండ్రి అతనిని తిరిగి దింపెను. తొంభై అడుగుల యొద్ద నీరు పడెను. పాలమూరు కూలీల బిడ్డలకు, నల్లగొండ మెట్ట రైతులకు ఆ బావి యెటువంటిదో మేము వివరించి చెప్పనక్కరలేదు. పాత బావిలోనికి మొదట దీపమును దింపి చూచు వాడుక మనకును ఉన్నది గదా.

జాను చేతిపనిలో నేర్పరి. తెల్లవారుజామున ఒంటిగంటకే లేచి చెక్కతో గడియారములు చేయుచుండెను. 1860లో వాటిని మాడిసన్ పట్టణపు ప్రదర్శనకు తీసికొనిపోగా మంచి పేరు వచ్చెను. అక్కడి విశ్వవిద్యాలయములో కొంతకాలము చదివి, పట్టా పుచ్చుకొనకయే 1863లో విడిచెను. తరువాత ఇండియానాపొలిస్ నగరములో బండ్ల సామాను చేయు కర్మాగారములో పనికి కుదిరెను. 1867 మార్చి నెలలో ఒకనాడు చేతిలోని ఆకురాయి జారి, దాని మొన కుడికన్నులో దిగెను. కొద్ది గంటలలో ఎడమకన్ను కూడ చూపు తగ్గెను. ఇరువది తొమ్మిదేండ్లు నిండని యువకుడు చీకటి గదిలో వారముల తరబడి పండుకొనియుండెను. ఇక పువ్వును గాని కొండను గాని చూడనేమో యని అతడు దుఃఖించెను. చూపు మెల్లగా తిరిగివచ్చెను. వచ్చినప్పుడు అతడొక తీర్మానము చేసికొనెను: మనుష్యులు చేసిన యంత్రములకొరకు ఇక కన్నులు వ్యయపరచను, దేవుడు చేసినవాటిని చూచుటకే వాడెదను అని.

ఆ సెప్టెంబరులోనే కాలినడకను బయలుదేరి కెంటకీ నుండి ఫ్లోరిడా సముద్రతీరమువరకు సుమారు వెయ్యి మైళ్లు నడిచెను. హైదరాబాదు నుండి ఢిల్లీ చేరునంత దూరము. సంచిలో క్రొత్త నిబంధనయు, రెండు పద్య గ్రంథములును, మొక్కలను ఒత్తిపెట్టు పలకయు ఉండెను. త్రోవలో మలేరియా జ్వరముతో చావు తప్పి, 1868లో కాలిఫోర్నియా చేరెను. 1869 వేసవిలో రెండువేల గొర్రెల మందవెంట సియర్రా పర్వతములకు వెళ్లెను. మంద మేసిన చోట పచ్చిక మిగులకుండుట చూచి అతని మనస్సు నొచ్చెను. మన గొల్ల కురుమ సోదరులు దీనిని తప్పుగా తలంచవద్దు; మేత ఎంత, మంద ఎంత యను లెక్క వారికే బాగుగా తెలియును. తరువాత యోసెమిటీ లోయలో రంపపు మిల్లు నడిపెను. అక్కడ గాలికి పడిన మ్రానులనే కోసెనని చెప్పుదురు. ఆ లోయను చెక్కినది కదలి పారిన మంచుగడ్డలే యని, గొప్ప పండితులు కాదన్నను, నడిచి చూచి నిరూపించెను.

ఇతడు ఈ సంగతులను వ్రాయుట తండ్రికి నచ్చలేదు. 1874లో వ్రాసిన ఉత్తరములో, కొండలమీద మంచు తుపానులో తిరిగి వ్రాసిన వ్రాతలు దేవుని పని కాదని, వాటిని కాల్చివేయుట మేలని తండ్రి మందలించెను. అయినను 1885లో తండ్రి మరణము సమీపించెనని ఏలనో మనస్సుకు తోచి, కాలిఫోర్నియానుండి బయలుదేరి, తోబుట్టువులను కూడగట్టుకొని, కాన్సాస్ సిటీలో తండ్రి మంచమువద్ద చేరినవాడు ఈ జానే. తండ్రి ప్రాణము పోవునప్పుడు దగ్గరనే ఉండెను.

ఇక్కడ మేము ఒక మాట ఒప్పుకొనవలెను. మేము పరిచర్యకు వచ్చిన తొలి యేండ్లలో ఆదివారపు బడిలో వచనము తప్పిన పిల్లలను బెత్తముతో కొట్టితిమి. ఒక బాలుడు, చురుకైనవాడు, ఒక ఆదివారము కొట్టిన తరువాత మరల బడికి రాలేదు. వాని తల్లి వచ్చుచునే యుండెను, వాడు రాలేదు. తండ్రులు తమ పిల్లలను విసిగించి క్రుంగదీయరాదని కొలస్సయి సంఘమునకు పౌలు చేసిన హెచ్చరికమీద ఎన్నోసార్లు ప్రసంగించితిమి గాని, ఆ బాలుని ఇంటికి వెళ్లలేదు. మ్యూర్ చరిత్ర చదువుచుండగా వాని ముఖము మా యెదుట నిలిచెను.

మ్యూర్ తాను తండ్రియైనప్పుడు ఏమి చేసెనో చూడుడు. 1880 ఏప్రిల్ 14న లూయీ స్ట్రెంజెల్ అను ఆమెను వివాహమాడి, మార్టినెజ్ ఊరిలో పండ్లతోటలు సాగుచేసెను. 1881లో వాండా, 1886లో హెలెన్ పుట్టిరి. తన తాత తనను నడిపించినట్లే ఈ ఇద్దరు ఆడపిల్లలను ఆయన కొండచరియల వెంట నడిపించి, పువ్వుల పేర్లు ఒక్కొక్కటే చెప్పుచుండెను. బెత్తము మాట ఆ యింటిలో వినబడలేదు. భర్త తోటపనిలో చిక్కి నీరసించుట చూచి, మరల పర్వతములకు వెళ్లి వ్రాసికొనుమని ఆయనను ప్రోత్సహించినది భార్యయే. 1905లో హెలెన్‌కు ఊపిరితిత్తుల జబ్బు వచ్చినందున పొడిగాలికొరకు అరిజోనా ఎడారికి తీసికొనిపోగా, ఇంటియొద్ద భార్యకు జబ్బు ముదిరెనని కబురు వచ్చెను. ఆగస్టు 6న ఆమె మరణించెను. ఆ దుఃఖములో ఆయన బిడ్డలతో అరిజోనాకు తిరిగివెళ్లి, రాయిగా మారిన పురాతన వృక్షముల మధ్య నడచుచు దినములు గడిపెను. ఆ స్థలమును 1906లో ప్రభుత్వము రక్షిత స్థలముగా ప్రకటించెను.

ఆయన బహిరంగ సేవను క్లుప్తముగా చెప్పెదము. ఆయన వ్రాతలవలనను మిత్రుల ప్రయత్నమువలనను 1890లో యోసెమిటీ జాతీయ వనమాయెను. 1892లో సియర్రా క్లబ్ అను సంఘము స్థాపింపబడగా, చనిపోవువరకు ఆయనే దానికి అధ్యక్షుడు. 1901 నుండి ఆ సంఘము ప్రతి వేసవిలో స్త్రీలను, పురుషులను గుంపుగా పర్వతములకు తీసికొనిపోవుట ఆరంభించెను. మనుష్యులు దేనిని కండ్లార చూతురో దానినే కాపాడుదురని వారి నమ్మకము. 1903 మే నెలలో అమెరికా అధ్యక్షుడు థియొడోర్ రూజ్‌వెల్ట్ మూడు రాత్రులు ఈయనతో అడవిలో పండుకొనెను. ఒక ఉదయము లేచునప్పటికి వారి దుప్పట్లమీద మంచు కురిసియుండెను. అదే సంవత్సరము లోకయాత్రకు బయలుదేరిన మ్యూర్ మన దేశమునకును వచ్చి, శిమ్లా కొండలలో దేవదారు వృక్షములను చూచి వెళ్లెను.

ఇప్పుడు అవ్వ చూపిన వనమును గూర్చి. శాన్‌ఫ్రాన్సిస్కో నగరమునకు ఉత్తరముగా, సముద్రమునకు దగ్గర నున్న ఒక ఇరుకైన లోయలో రెడ్‌వుడ్ అను ఎర్రని చేవగల వృక్షములు మిగిలియుండెను. విలియం కెంట్ అను ధనవంతుడు 1905లో 45,000 డాలర్లకు 611 ఎకరములు కొనెను. 1907లో ఒక నీటి కంపెనీ ఆ వాగుకు ఆనకట్ట కట్టి లోయను ముంచుటకు కోర్టునాశ్రయించెను. అప్పుడు కెంట్ దంపతులు అందులో 295 ఎకరములు దేశమునకు ఉచితముగా ఇచ్చివేసిరి. 1908 జనవరి 9న అది రక్షిత వనమాయెను. తన పేరు పెట్టెదమన్నప్పుడు కెంట్ ఒప్పుకొనక, మ్యూర్ పేరు పెట్టించెను.

ఆ వనములో ఎత్తైన చెట్టు 258 అడుగులు. మన తాడిచెట్లను నాలుగింటిని ఒకదానిమీద ఒకటి నిలిపినట్లు. అదే జాతిలో మరి ఉత్తరమున 380 అడుగుల చెట్టును 2006లో కనుగొనిరి. పెక్కు చెట్ల వయస్సు ఆరు నుండి ఎనిమిది వందల యేండ్లు. ముసలిది సుమారు 1,200 యేండ్లది. ఇంత వృక్షమునకు విత్తనము టమాట గింజంత. బెరడు అడుగు మందమువరకు ఉండుటవలన చిన్న మంటలు దానిని చంపలేవు. వేసవిలో వాన లేనప్పుడు సముద్రపు పొగమంచు ఆకులమీద నీటిబొట్లుగా మారి మొదట రాలును. వేళ్లు పది పన్నెండు అడుగులకంటె లోతునకు పోవు. కాని ప్రక్కలకు వంద అడుగులు ప్రాకి, పొరుగు చెట్ల వేళ్లతో పెనవేసికొనును. తల్లి చెట్టు పడిపోయినయెడల, దాని మొదలు చుట్టు పిల్లచెట్లు వలయముగా లేచి నిలుచును. మన పాలమూరు పిల్లలమర్రిని చూచినవారు దీనిని సులభముగా గ్రహించెదరు. మూడెకరముల మేర ప్రాకిన ఆ మర్రికి చెదలు పట్టగా 2018లో రోగికి ఎక్కించినట్లు సీసాలతో మందు ఎక్కించి బ్రతికించుకొన్నాము గదా. మ్యూర్ వుడ్స్‌లో వాగు ప్రక్కన చెక్కలు పరచిన చదునైన బాట ఉన్నది. ముసలివారు, బాలింతలు, తోపుడు బండిలోని పసిబిడ్డలు సైతము అరగంటలోనో గంటలోనో నడిచి రాగలరు. మన తెలుగు కుటుంబములు అనేకము అచ్చటికి సెలవు దినములలో వెళ్లుచున్నవి.

అయితే మ్యూర్ గెలిచిన సంగతులే చెప్పి ముగించుట న్యాయము కాదు. యోసెమిటీకి ప్రక్కన హెచ్‌హెచీ అను మరియొక లోయ కలదు. 1906 భూకంపములో కాలిపోయిన శాన్‌ఫ్రాన్సిస్కో నగరము త్రాగునీటికొరకు దానికి ఆనకట్ట కోరెను. మ్యూర్ ఏండ్ల తరబడి పోరాడెను. ఆశ్చర్యమేమనగా, తన లోయను ఆనకట్టనుండి తప్పించి మ్యూర్ పేరు పెట్టిన ఆ కెంటే, చట్టసభలో ఈ ఆనకట్ట పక్షమున నిలిచెను. 1913 డిసెంబరు 19న చట్టమాయెను, లోయ మునిగెను. నాగార్జునసాగర్ నీరు త్రాగుచున్న మేము ఈ సంగతిమీద తొందరపడి తీర్పు తీర్చలేము. 1955లో ఆ ఆనకట్టకు పునాది వేసిన తరువాత ప్రాచీన విజయపురి నిలిచిన లోయ మునిగినది, ఊళ్లు లేచిపోయినవి. కాని ఫ్లోరైడు నీటితో ఎముకలు వంగిన మన నల్లగొండ బిడ్డలకు కృష్ణ నీళ్లు ఎంత అవసరమో ఎవరు కాదనగలరు? మునిగినదానిని మరువకుండుట, దక్కినదానిని వృథా చేయకుండుట, ఇంతవరకు మేము చెప్పగలము.

మ్యూర్‌లో ఒక లోపము కూడ ఉండెను. యోసెమిటీ లోయలో తరతరములుగా కాపురమున్న మూలవాసులను 1851లో సైనికులు తరిమిరి. తొలినాళ్లలో మ్యూర్ అట్టి ప్రజలను గూర్చి చులకనగా వ్రాసెను. 1879లో హాల్ యంగ్ అను మిషనరీతో అలాస్కాలో పడవ ప్రయాణము చేసి, అక్కడి మూలవాసుల మధ్య తిరిగిన తరువాత ఆయన తలంపు చాల మారెను. అయినను ఆ పాత వ్రాతలు నిలిచియున్నవి. ఆయన స్థాపించిన సంఘమే 2020లో దీనిని బహిరంగముగా ఒప్పుకొనెను. అడవిని ప్రేమించుచు అడవి మనుష్యుని మరచుట మనకును సంభవింపవచ్చును. నల్లమలలో తేనె దించి, జిగురు ఏరుకొని బ్రతుకు చెంచు సోదరుల పెంటల మీదుగా మనము నడుచునప్పుడు, అది వారి ఇంటి వాకిలియని తెలిసికొని నడువవలెను.

లోయ పోయిన ఏడాదికి, 1914 డిసెంబరు 24న, కుమార్తె హెలెన్‌ను చూడబోయిన మ్యూర్ న్యుమోనియాతో లాస్ ఏంజిలిస్ ఆసుపత్రిలో కన్ను మూసెను. రెండేండ్లకు, 1916లో, ఆ దేశములో జాతీయ వనములను కాపాడుటకు ప్రత్యేక శాఖ ఏర్పడెను.

ఈ చరిత్ర చదివిన తరువాత మేము ఊరకుండలేక, ఆదివారపు బడి పిల్లలను తలిదండ్రులతోకూడ ఒకనాడు నల్లమలకు తీసికొనిపోదుమని నిశ్చయించితిమి. బండి కావలెను. బడి మానిన ఆ బాలుడు ఇప్పుడు పెద్దవాడై మండలములో బండి నడుపుచున్నాడు. వాని ఇంటికి వెళ్లితిమి. ఇన్నేండ్ల తరువాత వాని యెదుట కూర్చుండి, ఆ దినము మేము కొట్టుట తప్పని చెప్పితిమి. అతడు చాలసేపు మాటలాడలేదు. తరువాత, ఎన్ని గంటలకు రావలెను అయ్యగారూ, అని మాత్రము అడిగెను.

అచ్చంపేట, మన్ననూరు మీదుగా మల్లెలతీర్థమునకు వెళ్లితిమి. అక్కడ మూడు వందలకు పైబడిన మెట్లు దిగినయెడల బండలమీదనుండి పడు నీరు కనబడును. వెళ్లగోరు సంఘములకు నాలుగు మాటలు: వానలు వెనుకబడిన తరువాత చలికాలములో వెళ్లుడి, ఎండాకాలమున నీరు సన్నగిల్లును, అడవికి నిప్పు భయము. తెల్లవారగానే బయలుదేరుడి, రాత్రి తొమ్మిది గంటలనుండి ఉదయము ఆరువరకు అడవి దారి మూసియుండును. అది పులులున్న అడవి, కనుక అటవీశాఖవారు చూపిన బాట విడువకుడి. త్రాగునీరు, అటుకులు, బెల్లము వెంట ఉంచుకొనుడి. బీడీ నిప్పు, ప్లాస్టికు అక్కడ విడువకుడి. అన్నిటికంటె ముఖ్యముగా, పసిపిల్లల నడకకు పెద్దల నడకను తగ్గించుకొనుడి.

దిగునప్పుడు పిల్లలు మెట్లు లెక్కించిరి. ఒక్కొక్కరికి ఒక్కొక్క లెక్క వచ్చెను. ఎక్కునప్పుడు అందరిలో చిన్నది అలసి ఏడ్చెను. ఆ బండివాడు ఏమియు అనకుండ దానిని భుజములమీద ఎక్కించుకొనెను. సగము దూరమెక్కిన తరువాత ఆ పాప పైనుండి ఒక కొమ్మలో ఏదో పక్షి గూడు చూపించగా, అతడు ఆగి, పాప చాలించువరకు అక్కడనే నిలిచెను. మేమును వెనుక నిలిచితిమి.